మొదటి లైను, మూడు గడియారాలు: కోనసీమ కొత్త లారీ డ్రైవరు లెక్క

కోనసీమలో రైలు కూత వినాలంటే గోదావరి దాటాలి. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి 57 కిలోమీటర్ల రైలు మార్గం 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయల మీదా వంతెనలు లేవాలి. పాతికేళ్లుగా లేస్తూనే ఉన్నాయి. ఈలోగా అంబాజీపేట కొబ్బరి, రావులపాలెం అరటి, రాజోలు వైపు రొయ్య, అన్నీ లారీ ఎక్కాల్సిందే.

లారీ కదలాలంటే డ్రైవరు ఉండాలి. ఏ ఓనరును కదిపినా మొదటి మాట ఒకటే: "డ్రైవర్లు దొరకట్లేదండి." హెవీ లైసెన్సు జేబులో పెట్టుకుని తిరిగే కుర్రాణ్ని అడిగితే "నాకెవరూ బండి ఇవ్వట్లేదండి" అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. కొత్తవాడికి పది టైర్ల బండి ఇవ్వడానికి ఓనరుకు ధైర్యం చాలదు. బండి ఇవ్వందే కొత్తవాడికి అనుభవం రాదు. ఈ చిక్కుముడి విడే రెండు మూడేళ్లలో ఏం జరుగుతుందో అంకెల్లో చూద్దాం.

ముందు లైసెన్సు. మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్లకు కారు లైసెన్సు వస్తుంది. అది చేతికొచ్చి కనీసం ఏడాది గడవాలి, వయసు 20 నిండాలి. అప్పుడే హెవీ ట్రాన్స్‌పోర్టుకు అర్హత. డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం-5, డాక్టరు ఇచ్చే ఫారం-1ఎ జత చెయ్యాలి. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న షరతును 2019లో ఎత్తేశారు. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు గడువు 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగిందీ ఆ ఏటి చట్ట సవరణతోనే. తాటిపాక వైపు ఆయిల్, గ్యాస్ ట్యాంకర్లు నడపాలనుకుంటే ప్రమాదకర సరుకుల అనుమతి వేరే తీసుకోవాలి, దాని గడువు 3 ఏళ్లే.

శిక్షణకు కేంద్రం 2021లో కొత్త నిబంధనలు తెచ్చింది. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో హెవీ కోర్సు 6 వారాలు, థియరీ, ప్రాక్టికల్ కలిపి 38 గంటలు. 38 గంటలంటే ఎంతో తెలియాలంటే ఒక పోలిక. అంబాజీపేట నుంచి అహ్మదాబాదు దాదాపు 1,600 కిలోమీటర్లు. ఊళ్లు, టోల్‌గేట్లు, ఘాట్లు కలుపుకుని గంటకు సగటున 40 వేసుకుంటే ఒకవైపు ప్రయాణమే 40 గంటలు. కోర్సు మొత్తం కలిపినా ఒక కొబ్బరి లోడు చేరేంత సమయం లేదు.

అందుకే ఇక్కడ అసలు బడి క్లీనరు సీటు. గురువు పక్కన కూర్చుని టీ తేవడం, అద్దం తుడవడం, స్టౌ మీద అన్నం వండటం, రాత్రి డీజిలు ట్యాంకుకు కాపలా పడుకోవడం, రివర్సులో "రైట్... రైట్... ఆగాగు" అని వెనక తలుపు తట్టడం. రెండేళ్లో మూడేళ్లో ఇలా గడిచాక, నడిరాత్రి ఖాళీ రోడ్డు మీద గురువుగారికి నిద్ర ముంచుకొచ్చి "ఒరే, కాసేపు పట్రా" అంటాడు. చాలామంది మొదటిసారి స్టీరింగు పట్టేది అప్పుడే. అది చట్టబద్ధం కాదు, మంచి పద్ధతి అంతకన్నా కాదు. కానీ కోనసీమ డ్రైవర్లలో ఏ పెద్దాయన కథ విన్నా అందులో ఆ రాత్రి ఉంటుంది.

అమెరికాలో ఈ గురువు పనిని పెద్ద రవాణా కంపెనీలే చేస్తాయి. కొత్తవాణ్ని చేర్చుకుని, శిక్షణ ఖర్చు పెట్టుకుని, బదులుగా కొన్ని నెలలో ఏడాదో తమ బండే నడపాలని కాగితం రాయించుకుంటాయి. మొదటి కొన్ని వారాలు పక్కన ట్రైనరు ఉంటాడు. లైసెన్సు పరీక్షకు ముందు ప్రామాణిక శిక్షణ 2022 ఫిబ్రవరి 7 నుంచి అక్కడ తప్పనిసరి. అంత ఏర్పాటున్నా పెద్ద కంపెనీల్లో డ్రైవర్ల రాకపోకలు కొన్నేళ్లు ఏటా 90 శాతం దాటాయి. వంద సీట్లుంటే ఏడాదిలో తొంభైసార్లు మనిషి మారాడన్నమాట. మనవైపు కాగితం లేదు, ట్రైనరు లేడు, ఆ మాటకొస్తే కంపెనీయే లేదు. రెండు మూడు బండ్ల ఓనరు, బజార్లో లోడు చూపించే ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, అంతే.

తాళం చేతికొచ్చే వరస కూడా ఇంచుమించు ఒకటే. ముందు టాటా ఏస్, తర్వాత బొలేరో పికప్, ఆపైన ఐషర్, ఆరు టైర్లు, చివరికి పది, పన్నెండు. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఈ వరసలో మొదటి మెట్లను తేలిక చేసింది. కారు లైసెన్సు ఉన్నవాడు 7,500 కిలోల లోపు రవాణా బండిని వేరే ఎండార్స్‌మెంటు లేకుండా నడపవచ్చు. అంతకుముందు ప్రమాదం జరిగితే "లైసెన్సు సరైనది కాదు" అని బీమా కంపెనీలు మెలిక పెట్టేవి. అందుకని కారు లైసెన్సు ఉన్న కుర్రాడు కొన్నాళ్లు ఏస్‌లో అరటి గెలలు తోలి, ఆ తర్వాత హెవీకి వెళ్లడం చట్టం దృష్టిలోనూ సాఫీ దారే. క్లీనరు సీటు కన్నా నా ఓటు దీనికే.

పెద్ద బండి మొదటిసారి ఇచ్చేటప్పుడు ఓనరు అడిగే ప్రశ్న చిన్నదే.

"ఎక్కడా గుద్దవు కదా అబ్బాయ్?"

"ఆయ్, గుద్దనండి."

ఇంటర్వ్యూ అయిపోయింది. కొత్త బండి మాత్రం ఇవ్వరు, అది సీనియరుది. కొత్తవాడికి దక్కేది క్లచ్ బిగుసుకుపోయి, స్టీరింగులో ఆట వచ్చిన పాతది. కొత్తగా తయారయ్యే ట్రక్కుల క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. సంతోషమే. ఆ బండి పాతబడి కొత్త డ్రైవరు చేతికి దిగేసరికి ఏడెనిమిదేళ్లు పడుతుంది.

సాయంత్రం పూట అంబాజీపేట వెళ్లి ఒక లోడు ఎక్కడం చూడండి. దింపు అయిపోయి, వొలుపు అయిపోయి, కాయ గుట్టగా పోసి ఉంటుంది. నీటికాయ వేరు, ముక్కుడుకాయ వేరు. జట్టు వాళ్లు చేతి నుంచి చేతికి విసురుతూ లెక్క పాడుతుంటారు. వొలిచిన కాయ సుమారు 600 గ్రాములు అనుకుంటే 18 టన్నులకు 30 వేల కాయలు. డ్రైవరు అక్కడ నిలబడి చూడాల్సింది లెక్క ఒక్కటే కాదు, ఎక్కడ బరువు పడుతోందన్నది. వెనక ఎక్కువైతే ముందు చక్రాలు తేలుతాయి, బ్రేకు కొడితే స్టీరింగు మాట వినదు. లోడయ్యాక పట్టా కప్పి తాడు కట్టడం మరో విద్య. కొక్కేనికి తగిలించి, మడమ బాడీకి తన్నిపెట్టి, వెనక్కి పడుకున్నట్టు వాలి లాగాలి. కొత్తవాడి అరచేతులు మొదటి నెల బొబ్బలెక్కేది స్టీరింగు వల్ల కాదు, ఈ తాడు వల్ల. నాగపూర్ దాటాక గాలికి పట్టా లేచి, వాన నీళ్లు దిగి కాయ పాడైతే తగాదా వచ్చేదీ ఈ తాడు మీదే.

తర్వాత కాటా. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్ బరువులు పెంచింది. ఆరు టైర్ల బండి మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5కి, పది టైర్లది 25 నుంచి 28.5కి చేరింది. అంతకు మించితే 2019 సవరణ ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఎక్కువైన సరుకు అక్కడే దింపించాలి కూడా. మూడు టన్నులు, అంటే ఐదు వేల కాయలు ఎక్కువ వేస్తే 26,000. చలానా బండి నంబరు మీద పడుతుంది కాబట్టి కట్టాల్సింది ఓనరే. కానీ రోడ్డు పక్కన బ్రేకిన్‌స్పెక్టరు ముందు నిలబడేది డ్రైవరు. "నువ్వెందుకు ఆపావురా బండి" అని ఫోన్లో తిట్లు తినేదీ అతనే. కాటా చీటీ ఫోటో తీసి, బండి కదిలేలోగా ఓనరుకు వాట్సాప్‌లో పంపే డ్రైవరు తెలివైనవాడు. తర్వాత మాట మార్చడానికి వీలుండదు.

అసలు చిక్కు ఇప్పుడు. అదే అహ్మదాబాదు రోడ్డుకు మూడు గడియారాలున్నాయి.

మొదటిది ఈ-వే బిల్లు గడియారం. పచ్చి కొబ్బరికాయకు జీఎస్టీ లేదు, ఈ-వే బిల్లూ అక్కర్లేదు. ఎండుకొబ్బరికి 5 శాతం పన్ను ఉంది, సరుకు విలువ 50 వేలు దాటితే బిల్లు ఉండాలి. 2021 జనవరి నుంచి ఆ బిల్లు చెల్లుబాటు 200 కిలోమీటర్లకు ఒక రోజు. 1,600 కిలోమీటర్లకు 8 రోజులు.

రెండోది కార్మిక చట్టం గడియారం. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అంది. 5 గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. 8 గంటల్లో 320 కిలోమీటర్లు, అహ్మదాబాదుకు 5 రోజులు.

మూడోది బజారు గడియారం. మూడో రాత్రికి లోడు దిగాలి. అంటే రోజుకు 530 కిలోమీటర్ల పైమాట, స్టీరింగు ముందు 13 గంటలకు పైగా. అరటి అయితే ఇంకా తొందర. రావులపాలెంలో పచ్చిగా ఎక్కిన కర్పూర గెలలు కోల్‌కతాకు వెయ్యి కిలోమీటర్లకు పైబడి వెళ్లాలి, దారిలో పండితే కొనేవాడు ధర తెగ్గొడతాడు.

మూడు గడియారాల్లో డ్రైవరు చేతికి కట్టేది మూడోదే. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో పది నగరాల్లో 1,200 మందికి పైగా ట్రక్కు డ్రైవర్లను కలిసి అధ్యయనం చేసింది. వాళ్లు రోజుకు సగటున నడుపుతున్నది దాదాపు 12 గంటలు. మీ ఇంట్లో వాళ్లను ఈ పనిలోకి రమ్మంటారా అంటే 84 శాతం మంది వద్దన్నారు. అమెరికాలో 14 గంటల డ్యూటీలో 11 గంటలకు మించి నడపకూడదు. ఆ గంటలను 2017 డిసెంబరు నుంచి బండిలోని ఎలక్ట్రానిక్ పరికరమే రాసిపెడుతుంది. యూరప్‌లో మామూలుగా రోజుకు 9 గంటలు, నాలుగున్నర గంటలకోసారి 45 నిమిషాలు ఆగాలి. మన బండికీ జీపీఎస్ ఉంది. అది డ్రైవరు ఎంతసేపు నడిపాడో చూడటానికి కాదు, ఎందుకు ఆపాడో అడగడానికి.

ఇక డీజిలు. లోడు బండి లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తే అహ్మదాబాదుకు 400 లీటర్లు. లీటరు 97 అనుకుంటే 38,800 రూపాయలు. కొత్తవాడి కాలు బరువు. గేరు ఆలస్యంగా మారుస్తాడు, అనవసరంగా బ్రేకు కొట్టి మళ్లీ యాక్సిలరేటరు తొక్కుతాడు. మైలేజీ 3.8కి జారితే 21 లీటర్లు, అంటే రెండు వేలు అదనం. 3.5కి జారితే 57 లీటర్లు, ఐదున్నర వేలు. ఈ తేడాను "షార్టేజీ" అని బత్తాలోంచి కోసే ఓనర్లున్నారు. పాత బండి ఇంజను తప్పెంత, కుర్రాడి కాలు తప్పెంత అని తేల్చే కాటా ఎక్కడా లేదు కాబట్టి ఈ తగువులో ఎప్పుడూ ఓడేది కుర్రాడే. కోనసీమ వాళ్లకు పక్కనే ఒక వెసులుబాటు ఉందనుకోండి. ఎదుర్లంక వంతెన దాటితే యానాం, పుదుచ్చేరి పన్నుల వల్ల లీటరుకు పదికి అటూఇటూ తక్కువ. వెళ్లి రావడానికే ఇరవై లీటర్లు కాలతాయి, అయినా 400 లీటర్లు పోయిస్తే మిగులుతుంది. ఆ మిగులు ఎవరిదని అడక్కండి.

"నెలకెంత వస్తుంది?" అని పెళ్లి సంబంధం వాళ్లు అడిగే ప్రశ్నకు జవాబు లెక్కగట్టి చూద్దాం. జీతం 18,000, రోజు బత్తా 400, నెలలో 26 రోజులు రోడ్డు మీద అనుకుందాం. ఓనరును బట్టి అంకె మారుతుంది, లెక్క తీరు మారదు. జీతం, బత్తా కలిపి 28,400. రోజుకు తిండి, టీ, స్నానం 300 చొప్పున 7,800 తీసేస్తే 20,600. వినడానికి బాగానే ఉంది. ఇప్పుడు గంటలు వేయండి. నడిపేది రోజుకు 10 గంటలు అనుకున్నా, లోడు కోసం, నో ఎంట్రీ ఎత్తేదాకా, అన్‌లోడు హమాలీలు వచ్చేదాకా, రిటర్న్ లోడు దొరికేదాకా బండి దగ్గర కూర్చునేది మరో 4 గంటలు. 26 రోజులకు 364 గంటలు. గంటకు 56 రూపాయల చిల్లర. చట్టం చెప్పిన రోజుకు 8 గంటల లెక్కన 208 గంటలే అయితే అదే డబ్బు గంటకు 99 అయ్యేది. ఆ 42 రూపాయల చిల్లర తేడా ఎక్కడికో పోలేదు. అహ్మదాబాదులో కొబ్బరికాయ కొట్టినవాడికి కాస్త చౌకగా, సరుకు పంపినవాడికి కాస్త లాభంగా, ఓనరుకు నెల వాయిదాగా సర్దుకుపోయింది.

కొత్తవాళ్లకు అన్నిటికన్నా చేదు ఈ ఎదురుచూపే. నడపడం కష్టమని పని మానేసినవాళ్లు తక్కువ. పరాయి ఊళ్లో లారీ స్టాండులో రెండు రోజులు రిటర్న్ లోడు కోసం కూర్చుని, బత్తా డబ్బులు తినేసి, మూడో రోజు ఇంటికి ఫోన్ చేసి ఐదు వందలు వేయించుకున్నవాడు మాత్రం తిరిగొచ్చాక తాళం ఓనరు బల్ల మీద పెట్టేస్తాడు. హాల్టింగ్ చార్జీ అని ఒకటుంది. పార్టీ దగ్గర ఓనరు వసూలు చేస్తే చేస్తాడు. అందులో డ్రైవరు వాటా ఎంతో బండి ఎక్కేముందు అడిగినవాడికి దక్కుతుంది.

ఇన్ని చట్టాలుండగా ఎందుకిలా? సమాధానం మూడు చిన్న అంకెల్లో ఉంది. 1961 చట్టం వర్తించాలంటే సంస్థలో కనీసం ఐదుగురు రవాణా కార్మికులు ఉండాల్సి వచ్చేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో ఆ చట్టం కలిసిపోయింది, అక్కడ గీత పది మంది దగ్గర ఉంది. పీఎఫ్‌కు ఇరవై మంది. రెండు బండ్ల ఓనరు దగ్గర ఇద్దరు డ్రైవర్లు, మహా అయితే ఒక క్లీనరు. ఐదు, పది, ఇరవై మూడు గీతలూ అతని తల మీంచే పోతాయి. అతను చట్టాన్ని ఎగ్గొట్టలేదు, చట్టమే అతని గడప తొక్కలేదు. ఆటో, ట్యాక్సీ డ్రైవర్లకు రాష్ట్ర ప్రభుత్వం ఏటా ఇచ్చే సాయంలోనూ లారీ డ్రైవరు పేరు లేదు.

ప్రమాదం మాట తలచుకోవడం ఎవరికీ ఇష్టముండదు గానీ అంకెలు చెప్పుకోవాలి. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. నిర్లక్ష్యపు డ్రైవింగుతో ప్రాణం పోతే పాత శిక్షాస్మృతిలో గరిష్ఠంగా 2 ఏళ్లు. భారతీయ న్యాయ సంహిత 106(1) దాన్ని 5 ఏళ్లు చేసింది. పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్లు అనే 106(2) మీద 2024 జనవరి మొదటి రోజుల్లో డ్రైవర్లు సమ్మెకు దిగారు. ఆ జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు. గుంపు కొడుతుందన్న భయంతో బండి వదిలి పరిగెత్తడం డ్రైవరుకు ఇప్పటికీ తోచే మొదటి ఆలోచన. పారిపోయినా దగ్గరి స్టేషనుకే వెళ్లాలని, ముందు 112కు ఫోన్ చెయ్యాలని చెప్పే గురువు దొరికితే అదృష్టం.

మరి డ్రైవరుకే ఏమైనా అయితే? బండి బీమా కాగితంలో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా అని కనిపిస్తుంది. చాలామంది డ్రైవర్లు అది తమదే అనుకుంటారు. అది ఓనరు-డ్రైవరుది, అంటే ఓనరు తానే నడుపుతున్నప్పుడు అతనికి. జీతానికి నడిపేవాడి పరిహారం, ఇప్పుడు లేబర్ కోడ్‌లలో కలిసిపోయిన ఉద్యోగుల పరిహార చట్టం సూత్రంతో లెక్కిస్తారు. ప్రాణం పోతే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చవేస్తారు. 2020 జనవరి నోటిఫికేషన్ ప్రకారం లెక్కలోకి తీసుకునే జీతం 15,000 మించదు. 22 ఏళ్లవాడికి గుణకం 221.37. 7,500ను దాంతో హెచ్చవేస్తే 16,60,275 రూపాయలు.

ఆ డబ్బు కుటుంబానికి రావాలంటే అతను ఆ ఓనరు దగ్గర పనిచేస్తున్నాడని రుజువు కావాలి. నియామక పత్రం ఉండదు, హాజరు పట్టీ ఉండదు. జీతం చేతికి నోట్లుగా ఇస్తే అసలేమీ ఉండదు. అందుకే జీతమైనా బత్తా అయినా ఫోన్‌పేలో వేయమని అడగాలి. నెలనెలా ఓనరు ఖాతా నుంచి వచ్చిన ఆ వరసే రేపు కోర్టులో నియామక పత్రం అవుతుంది.

రెండో పని ఇంకా చిన్నది. బండి పాలసీలో ప్రీమియం వివరాల కింద "పెయిడ్ డ్రైవర్" అనే వరస ఉంటుంది. దాని ఎదురుగా ఒక్కో మనిషికి 50 రూపాయలు కట్టినట్టు ఉండాలి. క్లీనరు ఉంటే ఇద్దరికి 100. రావులపాలెం దగ్గర ఈతకోట టోల్‌గేటులో లారీ కట్టే టోలు కన్నా తక్కువ. మీ ఇంట్లో కుర్రాడు ఈ వారం మొదటిసారి లైనుకు వెళ్తున్నాడా? తాళం తీసుకునేముందు ఆ వరస చూపించమని ఓనరుగారిని అడగమనండి.